బడి చూసి ఇల్లా, ఇల్లు చూసి బడా? హైదరాబాదులో చిన్నపిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలున్నవారి కోసం, త్వరలో పిల్లల్ని బడిలో వేయబోయేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. హైదరాబాదుకు కొత్తగా వస్తున్నవారూ నగరంలోనే ఒక మూల నుంచి ఇంకో మూలకు మారదామనుకుంటున్నవారూ ఎక్కువగా అడిగేవి ఇవే. ఏ బడి గొప్పదో చెప్పే జాబితా ఇక్కడ దొరకదు. అలాంటి జాబితాల మీద నాకు నమ్మకం లేదు.

ముందు ఇల్లు చూసుకోవాలా, బడి చూసుకోవాలా?

బడే ముందు. అయితే ఒక్క బడి కాదు. మీ ఫీజు స్తోమతకు తగినవి, మీ మనసుకు నచ్చేవి కనీసం మూడు బడులున్న ప్రాంతం ఏదో తేల్చుకుని, అక్కడ ఇల్లు వెతకండి. ఒకే బడిని నమ్ముకుని దాని గేటు ఎదురుగా అద్దెకు దిగారనుకోండి. సీటు రాకపోయినా, వచ్చాక పిల్లకు ఆ బడి సరిపడకపోయినా మళ్ళీ సామాను సర్దుకోవాలి.

చాలామంది ఆఫీసుకు దగ్గరగా ఇల్లు తీసుకుని, పిల్లల్ని బస్సెక్కించి దూరపు బడికి పంపుతారు. నేను దీనికి వ్యతిరేకిని. ఇంట్లో ఎవరో ఒకరు దూరం తిరగక తప్పదనుకుంటే ఆ తిరుగుడు పెద్దవాళ్ళు భరించాలి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు, నాగోలు నుంచి రాయదుర్గం వరకు మెట్రో ఉన్నది అందుకే. ఆరేళ్ళ పిల్లవాడు రోజూ మెట్రో మారలేడు, మీరు మారగలరు.

అమెరికాలో లాగా ఇంటి చిరునామాను బట్టి సీటు వస్తుందా?

రాదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో తిరిగివచ్చే మనవాళ్ళు మొదట అడిగేది ఇదే. అక్కడ ప్రభుత్వ బడి సీటు మీరు ఉండే స్కూల్ డిస్ట్రిక్టును బట్టి వస్తుంది. అందుకే అక్కడ ఇళ్ళ ధరలు కూడా బడిని బట్టి మారతాయి. ఇక్కడ ప్రైవేటు బడి చూసేది పిల్లల వయసు, ఖాళీ సీట్లు, మీరు ఫీజు కట్టగలరా లేదా అన్నదే. కొన్ని బడులు అక్కాతమ్ముళ్ళకు, పూర్వ విద్యార్థుల పిల్లలకు, దగ్గరలో ఉండేవారికి కొంత ప్రాధాన్యం ఇస్తాయి. అది ఆ బడి ఇష్టం.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలన్నది ఆ నిబంధనల్లో ఉన్న దూరం. దాన్ని చూపించే బాధ్యత ప్రభుత్వానిది. పక్కనే ఉన్న ప్రైవేటు బడిలో మీకు సీటుందని దాని అర్థం కాదు. కాబట్టి అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో ‘ఐదు నిమిషాల దూరంలో అంతర్జాతీయ పాఠశాల’ అని కనిపిస్తే, ఆ మాట గేటు వరకే పనికొస్తుంది.

బడి ఎంత దూరం ఉన్నా పరవాలేదు?

నా కొలత కిలోమీటర్లలో ఉండదు, నిమిషాల్లో ఉంటుంది. ఇంటి తలుపు నుంచి తరగతి గది వరకు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. నడిచి వెళ్ళగలిగితే ఇంకేమీ ఆలోచించకండి.

ఇళ్ళు చూడటానికి అందరూ ఆదివారం వెళ్తారు. బడి ఉండేది సోమవారం. నచ్చిన ఇంటి నుంచి బడికి ఒక పనిదినం ఉదయం, వాళ్ళ బడి వేళకే వెళ్ళి చూడండి. సాయంత్రం వదిలే వేళకు మళ్ళీ ఒకసారి వెళ్ళండి. నిజాంపేట రోడ్డు, మియాపూర్ చౌరస్తా, గచ్చిబౌలి వైపు కూడళ్ళు ఆదివారం చూపించే ముఖం వేరు.

బస్సు ఉందిగా అంటారా? బస్సు తిన్నగా రాదు, కాలనీలన్నీ తిరుగుతూ వస్తుంది. ఉదయం మొదట ఎక్కే పిల్లలే అందరికంటే ఎక్కువసేపు బస్సులో ఉంటారు. ఆరు కిలోమీటర్ల దూరానికి గంట పట్టడం ఈ నగరంలో వింతేమీ కాదు. మీ కాలనీ ఎన్నో స్టాపు, ఎన్ని గంటలకు ఎక్కించుకుంటారు, ఎన్ని గంటలకు దింపుతారు అని బడిలో కాకుండా ఆ బస్సు డ్రైవరును, ఆయాను అడగండి. బస్సుకు ఆ ఏటి ఫిట్‌నెస్ పత్రం ఉందా, అటెండరు ఉంటారా, కిటికీలకు ఊచలున్నాయా అన్నవి కూడా అప్పుడే చూడవచ్చు.

పటంలో కనిపించని దూరం ఇంకొకటి ఉంది. కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్ మీదుగా పోయే జాతీయ రహదారికి మీ ఇల్లు ఒకవైపు, బడి మరోవైపు ఉంటే, ఎదురుగా కనిపించే బడికి యూటర్న్ కోసం చాలా దూరం పోయి రావాలి. రైలు పట్టాల సంగతీ అంతే. లింగంపల్లి రైలు వంతెన కింద వానాకాలంలో నీళ్ళు నిలిచిన రోజున అటువైపు బడికి చేరడం ఎలాగో అక్కడివాళ్ళను అడగండి. రహదారికీ పట్టాలకూ మీ ఇల్లున్న వైపే బడి ఉంటే కిలోమీటరు ఎక్కువైనా నేను దాన్నే ఎంచుకుంటాను.

మేమిద్దరమూ ఉద్యోగాలు చేస్తాం. మాకు వేరే లెక్క ఏమైనా ఉందా?

ఉంది. మీరు బడి వెతికేటప్పుడు ఉదయం గురించి ఆలోచిస్తారు. ఇబ్బంది పెట్టేది సాయంత్రం. బడి మూడు, మూడున్నరకు వదులుతుంది. మీరు ఇల్లు చేరేది ఏడింటికి. ఆ నాలుగు గంటలు పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో తేలిన తరువాతే బడి పేరు ఎత్తండి.

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకే పిల్లలు బయట ఉంటారు. కేంద్ర సిలబస్ బడులు కొన్ని ఇది పాటిస్తాయి, కొన్ని పాటించవు. కొన్ని మార్చి ఆఖరుకే కొత్త తరగతి మొదలుపెట్టి, వేసవి సెలవులిచ్చి, జూన్‌లో మళ్ళీ తెరుస్తాయి. రాష్ట్ర సిలబస్ బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. దసరాకు, సంక్రాంతికి వరస సెలవులు, వానలకు హఠాత్తు సెలవులు సరేసరి. ఆఫీసుకు ఇవేవీ పట్టవు.

అందుకే బడిలోనే సాయంత్రం వరకు ఉంచుకునే ఏర్పాటు ఉందా అని అడగండి. లేకపోతే బడికి ఇంటికి మధ్య నమ్మదగిన డే కేర్ ఉందా, బడి బస్సు పిల్లల్ని అక్కడ దింపుతుందా అని చూడండి. దింపదంటే ఆ డే కేర్ మీకు ఉన్నా లేనట్టే. పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాల్లో ఒక మేలు ఉంది. ఒకే బడికి వెళ్ళే పిల్లలు నలుగురుంటే వంతులవారీగా దింపి తెచ్చుకోవచ్చు. ఆ నలుగురు ఉన్నారో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే వాచ్‌మన్ చెప్పగలడు.

అమ్మమ్మావాళ్ళు ఉప్పల్‌లో, మా ఆఫీసులు హైటెక్ సిటీలో. ఎటు ఉండాలి?

అమ్మమ్మ, తాతయ్య ఆరోగ్యంగా ఉండి, పిల్లల్ని చూసుకోవడం వాళ్ళకు ఇష్టమైతే, ఉప్పల్ వైపే. నాగోలు, ఉప్పల్ నుంచి రాయదుర్గం వరకు ఒకే మెట్రో లైను ఉంది. రైలు మారనక్కర్లేదు. పైగా హబ్సిగూడ, తార్నాక ప్రాంతంలో విశ్వవిద్యాలయం, జాతీయ పరిశోధన సంస్థలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఆ ఉద్యోగుల పిల్లలతో నిలదొక్కుకున్న పాత బడులు చుట్టుపక్కల ఉన్నాయి.

అయితే వాళ్ళను ముందుగా అడగండి. ‘ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా’ అని మీరే అనేసుకోకండి. డెబ్బై ఏళ్ళ మనిషికి రోజూ ఎండలో గేటు దగ్గర నిలబడటం చిన్న పని కాదు.

హైదరాబాదులో ఏ ప్రాంతాలు చూడమంటారు?

ఇక్కడ నేను చెప్పగలిగింది స్థూలంగానే. నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట, నార్సింగి వైపు కొత్త బహుళ అంతస్తుల మధ్య పెద్ద ఆవరణల బడులు వచ్చాయి. ఫీజులూ ఆ స్థాయిలోనే ఉంటాయి. మధ్యస్థ ఫీజు బడులు అక్కడ వెతుక్కోవాలి. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్, కూకట్‌పల్లి వైపు బడులకు కొదవ లేదు. కార్పొరేట్ శాఖలు వీధికొకటి కనిపిస్తాయి, ఆటస్థలమే కనిపించదు. సికింద్రాబాదు, సైనిక్‌పురి, మారేడుపల్లి వైపు పాత బడులు, మిషనరీ బడులు ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం వైపు అద్దె, ఫీజు రెండూ కొంత తక్కువలో సర్దుకోవచ్చు.

ఆఫీసులో పక్కసీటువారు చెప్పిన ప్రాంతం వారి జీతానికి, వారి అత్తగారింటికి సరిపోయేది అయి ఉంటుంది. అది గుర్తుంచుకుని వినండి.

ఏ బోర్డు మంచిది?

ఐదో తరగతి లోపు ఈ ప్రశ్నకు అంత బరువు లేదు. బోర్డు పరీక్ష పదో తరగతిలో. ఒకటో తరగతి పిల్లకు కావలసింది బోర్డు కాదు, టీచరు. మీకు తరచూ బదిలీలయ్యే ఉద్యోగమైతే కేంద్ర సిలబస్ సౌకర్యం. అంతకు మించి ఇప్పుడు బుర్ర పాడుచేసుకోకండి.

ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. ఒకటో తరగతి నుంచే అవసరమా?

అవసరం లేదు.

కేంద్రీయ విద్యాలయంలో ప్రయత్నించవచ్చా?

ప్రయత్నించండి కానీ దాన్ని నమ్ముకుని ఇల్లు తీసుకోకండి. మొదటి ప్రాధాన్యం బదిలీలయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు. ఇతరుల వంతు చివర వస్తుంది. ఒకటో తరగతి సీట్లకు లాటరీ ఉంటుంది. ఆరేళ్ళు నిండాలన్న నిబంధన 2022-23 నుంచి ఉంది.

ప్రభుత్వ బడిలో వేయడం గురించి ఏమంటారు?

చూడకుండా కాదనకండి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి కింది తరగతుల్లోనూ ఇంగ్లిషు మాధ్యమం మొదలైంది. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లిషులో ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. కొత్తగా చదవడం నేర్చుకునే పిల్లలకు, ఇంట్లో చదివించే పెద్దలకు అవి నిజంగా బాగుంటాయి. పుస్తకాలు, యూనిఫారం, మధ్యాహ్న భోజనం ఉచితం. టీచర్లు శిక్షణ పొందినవారు, పోటీ పరీక్ష రాసి వచ్చినవారు.

బలహీనత ఎక్కడంటే, చిన్న బడుల్లో ఐదు తరగతులకు ఇద్దరు ముగ్గురే టీచర్లు ఉంటారు. చట్టం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంటుంది. అంటే ఒకే టీచరు రెండు మూడు తరగతులను కలిపి కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తుంది. కాబట్టి అడగాల్సింది ‘ప్రభుత్వ బడి బాగుంటుందా’ అని కాదు, ‘ఈ బడిలో తరగతికొక టీచరు ఉన్నారా’ అని. ఉన్నారంటే, ఇంటికి దగ్గరగా ఉందంటే, నేను ఇరుకు భవనంలోని ప్రైవేటు బడి కంటే దాన్నే ముందు చూస్తాను.

ఏ వయసులో చేర్చాలి? దరఖాస్తు ఎప్పుడు?

ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలన్నది 2020 జాతీయ విద్యా విధానం చెప్పే మాట. రాష్ట్ర సిలబస్ బడుల్లో ఐదేళ్ళు నిండినవారిని చేర్చుకోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు. చిక్కు వచ్చేది బడి మారేటప్పుడు. ఐదేళ్ళకే ఒకటో తరగతి చదివిన పిల్లను ఇంకో బడి వయసు చాలలేదని అదే తరగతిలో మళ్ళీ కూర్చోమనవచ్చు. ఊరు మారే అవకాశం ఉన్నవారు ఆరేళ్ళ లెక్కనే పట్టుకోవడం మంచిది. ఏడాది తొందరపడి సంపాదించేదేమీ లేదు.

పేరున్న ప్రైవేటు బడులు వచ్చే జూన్ కోసం దసరా దాటగానే దరఖాస్తులు మొదలుపెడతాయి. చాలా బడులు నర్సరీలోనో పీపీ-1 (ఎల్‌కేజీ)లోనో సీట్లు నింపుకుంటాయి. ఒకటో తరగతికి మిగిలేవి ఎవరైనా వెళ్ళిపోతే ఖాళీ అయినవే. మేలో హైదరాబాదు వచ్చి జూన్‌లో చేర్చాలనుకుంటే మీకు ఎంపిక తక్కువ ఉంటుంది. అయితే మేలోనే బదిలీల వల్ల కొన్ని సీట్లు తెరుచుకుంటాయి. ఒకసారి లేదన్న బడికి మే చివర మళ్ళీ ఫోను చేయండి.

ఆ బడికి గుర్తింపు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పేరుకు కాదు, ఆ భవనానికి గుర్తింపు ఉందా అని చూడాలి. కొత్త కాలనీల్లో పెద్ద పేర్లతో శాఖలు తెరిచి, అనుమతి రాకముందే పిల్లల్ని చేర్చుకుని, వారి పేర్లు మరో శాఖ రిజిస్టర్లో చూపించే తంతు ఈ నగరానికి కొత్త కాదు. పిల్ల ఒక చోట చదువుతుంది, కాగితం మీద ఇంకోచోట ఉంటుంది. టీసీ తీసుకునే రోజున అది బయటపడుతుంది.

ప్రతి గుర్తింపు బడికీ యూడైస్ కోడు అనే పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది. అది అడగండి. కోడు మీద ఉన్న చిరునామా, మీరు నిలబడి ఉన్న చిరునామా ఒకటేనా చూడండి. ఏ తరగతి వరకు అనుమతి ఉందో అడగండి. సీబీఎస్ఈ అనుబంధం ఉందంటే ఆ బోర్డు వెబ్‌సైటులో బడి పేరు వెతకండి. ‘దరఖాస్తు చేశాం, వచ్చేస్తుంది’ అంటే లేదని అర్థం. అనుమానం తీరకపోతే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగవచ్చు.

బడి చూడటానికి వెళ్ళినప్పుడు ఏమి గమనించాలి?

ముందు గదిలో పెట్టిన కప్పులు, ఫోటోలు, చల్లటి ఏసీ అందరికీ కనిపించేవే. అక్కడి నుంచి లేచి మరుగుదొడ్డి ఎక్కడ అని అడగండి. పెద్దవాళ్ళది కాదు, ఒకటో తరగతి పిల్లలు వాడేది. అది శుభ్రంగా ఉంటే బడి సగం బాగున్నట్టే. మంచినీళ్ళ కుళాయి ఆ పిల్లల ఎత్తుకు అందుతుందా చూడండి. చిన్న తరగతులు ఏ అంతస్తులో ఉన్నాయి, మెట్లు ఎంత వెడల్పు, అత్యవసరంలో బయటపడే రెండో దారి ఉందా, దానికి తాళం వేసి ఉందా?

తరువాత నోటు పుస్తకాలు చూపించమనండి. ఒకే తరగతిలోని నలుగురు పిల్లల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘మా ఇల్లు’ అని రాసిన వ్యాసంలో నలుగురి ఇళ్ళూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే, అక్కడ పిల్లలు రాయడం లేదు, నల్లబల్ల మీది రాతను దించుతున్నారు. ఫలితాల పట్టికలన్నీ చెప్పని సంగతి ఇది.

తరగతిలో ఎంతమంది? ప్రాథమిక స్థాయిలో ముప్పై మందికి ఒక టీచరు అన్నది విద్యాహక్కు చట్టం చెప్పే నిష్పత్తి. సీబీఎస్ఈ సెక్షనుకు నలభై అంటుంది. ఒకటో తరగతి టీచరు ఈ బడిలో ఎన్నేళ్ళుగా ఉన్నారని అడగండి. ఏటా టీచర్లు మారిపోయే బడిలో ఎంత ఖరీదైన గోడలున్నా ఉపయోగం లేదు. ఇంటిపని గురించీ అడగండి. 2020 నాటి బడి సంచుల విధానం రెండో తరగతి వరకు ఇంటిపని వద్దంటుంది, సంచి బరువు పిల్లల బరువులో పది శాతం దాటకూడదంటుంది. ఒకటో తరగతికి రోజూ రెండు పేజీలు రాయిస్తామని గర్వంగా చెప్పే బడిలో ఏమి జరుగుతుందో ఇక ఊహించుకోవచ్చు.

చివరగా, మూడింటికి బడి వదిలే వేళ గేటు బయట పావుగంట నిలబడండి. పిల్లలు ఎలా బయటికి వస్తున్నారు, పెద్దవాళ్ళు వారిని ఏ గొంతుతో పిలుస్తున్నారు, ఆటోల్లో ఎంతమందిని కుక్కుతున్నారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. పక్కనే ఎదురుచూస్తున్న తల్లులను పలకరించండి. వాట్సాప్ గుంపుల్లో రాయనివి అక్కడ చెబుతారు.

పిల్లకు, మాకు ఇంటర్వ్యూ పెడతామంటున్నారు. డొనేషనూ అడుగుతున్నారు.

రెండూ చట్టం ఒప్పుకోనివే. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశానికి పిల్లలకుగానీ తల్లిదండ్రులకుగానీ పరీక్ష పెట్టకూడదు, డొనేషన్ వసూలు చేయకూడదు. డొనేషన్ తీసుకుంటే దానికి పదింతల వరకు జరిమానా ఉంటుంది. ‘ముచ్చట్లు’, ‘పరిచయం’ అనే పేర్లతో జరుగుతున్నది మాత్రం అందరికీ తెలుసు. నాలుగేళ్ళ పిల్లను రంగుల పేర్లు అడిగి వడపోసే బడిని వదులుకుంటే మీకు పోయేదేమీ లేదు.

ఫీజు, అద్దె కలిపి ఎలా లెక్కవేయాలి?

ఒక ఏడాదికి కాదు, ఐదేళ్ళకు. ట్యూషన్ ఫీజు ఒక్కటే చెబుతారు. ప్రవేశ రుసుము, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు, బస్సు, భోజనం, కార్యక్రమాల ఖర్చు రాతలో అడగండి. గత మూడేళ్ళలో ఎంతెంత పెంచారో అడగండి. తెలంగాణలో 2017లో ఫీజుల నియంత్రణ కోసం తిరుపతిరావు కమిటీని వేసినా, ఫీజుల మీద చర్చ ఆ తరువాత ఏళ్ళ తరబడి సాగింది. మిమ్మల్ని కాపాడేది మీ లెక్కే.

ఉదాహరణకు బడి దగ్గరి ఇంటి అద్దె నెలకు ఐదు వేలు ఎక్కువ అనుకుందాం. ఏడాదికి అరవై వేలు. దూరంగా ఉంటే బస్సు రుసుము నలభై వేలు, బస్సు తప్పిన రోజుల ఆటోలు, డే కేర్‌లో అదనపు గంటలు కలుపుకోండి. తేడా చాలాసార్లు కరిగిపోతుంది. పిల్లకు రోజూ మిగిలే గంటకు ధర కట్టలేదు ఇందులో.

ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లు మాకు వస్తాయా?

ఆ సీట్లు బలహీన వర్గాలు, అణగారిన వర్గాల పిల్లలకు విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ ఇచ్చినవి. ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ దరఖాస్తులతో వీటిని భర్తీ చేస్తోంది. తెలంగాణలో ఇది ఏళ్ళ తరబడి అమలుకాకుండా కోర్టుల దాకా వెళ్ళింది. మీరు చేర్చే ఏడాది స్థితి ఏమిటో జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో కనుక్కోండి. దీనికి మాత్రం ఇంటి దూరం ముఖ్యం కాబట్టి చిరునామా రుజువు సిద్ధంగా ఉంచుకోండి.

బెంగళూరు నుంచి వస్తున్నాం, పాపకు తెలుగు రాయడం రాదు.

నేర్చుకోవాలి. 2018లో వచ్చిన చట్టంతో తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా పదో తరగతి వరకు దశలవారీగా తెలుగు తప్పనిసరి అయింది. ఇంట్లో మాట్లాడుతుంటే చిన్న తరగతుల్లో ఇది పెద్ద కష్టం కాదు. నాలుగో ఐదో తరగతిలో వస్తే మాత్రం మొదటి ఏడాది ప్రత్యేకంగా చెప్పే టీచరు ఉన్నారా అని అడగండి.

మా బాబుకు ప్రత్యేక అవసరాలున్నాయి.

మీ విషయంలో దగ్గరితనమే అన్నిటికంటే ముఖ్యం. బడి, థెరపీ కేంద్రం, ఇల్లు ఒకే పక్కన ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందరితో కలిసి చదివే హక్కునిచ్చింది. నిర్దేశిత వైకల్యం (నలభై శాతం, ఆపైన) ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు దగ్గరి బడిలో ఉచిత విద్య హక్కు కూడా ఉంది. ‘మేము అందరినీ చేర్చుకుంటాం’ అనే మాటతో ఆగకండి. ప్రత్యేక ఉపాధ్యాయులు రోజూ వస్తారా, వారానికొకసారా? ఇప్పుడు అలాంటి పిల్లలు ఎంతమంది చదువుతున్నారు? ప్రభుత్వ పరిధిలో మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడి టీచర్లకు ఏ బడి నిజంగా చూసుకుంటుందో తెలుసు.

ఏడాది మధ్యలో మారితే?

టీసీ, పుట్టిన తేదీ పత్రం, ఆధార్, పిల్లల పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత సంఖ్య) దగ్గర పెట్టుకోండి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపకూడదని చట్టంలో ఉంది. కానీ ఫీజు బాకీ ఉంటే పాత బడి కాగితం కదలదు. అది తేల్చుకుని బయలుదేరండి.

బడి కోసం ఇల్లు కొనేయమంటారా?

వద్దు. ఐదేళ్ళ ప్రాథమిక చదువు కోసం ఇరవై ఏళ్ళ అప్పు తలకెత్తుకోవద్దు. మొదటి ఏడాది అద్దెకు ఉండండి. పదకొండు నెలల ఒప్పందం అందుకు సరిగ్గా సరిపోతుంది. ఆ ఏడాదిలో పిల్లకు బడి సరిపడిందా, టీచర్లు నిలిచారా, వానాకాలంలో దారి ఎలా ఉంది, ఒంటిపూట బడుల నెలలో మీ ఇంట్లో ఏమి జరిగింది, అన్నీ తెలుస్తాయి. కొనేట్టయితే ఆరో తరగతి తరువాత పిల్ల ఎక్కడ చదవవచ్చో కూడా చూసుకుని కొనండి. ఐదుతో ఆగిపోయే బడి గేటు ఎదురుగా కొన్న ఫ్లాటు, ఆరో ఏట మళ్ళీ బస్సు వేళల దగ్గరికే మిమ్మల్ని తీసుకొస్తుంది.